ఊరకుక్క ఎవరిది?

తెలుగు భాషకు పశువుల మీద ఉన్న మమకారం ఇంతా అంతా కాదు. ఎడ్లను కట్టేసే చోటు కొట్టం. ఆవులూ గేదెలూ ఉండేది పశువుల సాల. గొర్రెలు రాత్రిపూట పడుకునేది మంద. గుర్రానికి లాయం ఉన్నది. ఆఖరుకు కోడిపెట్టకు కూడా గూడో, గంపో ఉన్నది. పాలిచ్చేది, బండి లాగేది, గుడ్లు పెట్టేది, సంతలో నాలుగు రూపాయలు తెచ్చేది - ప్రతిదానికీ ఒక నీడ, ఆ నీడకు ఒక పేరు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడిని గనుక ఇటువంటి మాటలు ఏరి పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు.

అయితే ఎవరికీ అక్కరలేని జంతువు మాట ఏమిటి? ముసలిదై పాలు మరచిన ఆవు, లారీ కింద కాలు విరిగిన కుక్క, తల్లి చచ్చిపోయిన పిల్లికూన - వీటికి నీడనిచ్చే చోటుకు మన వాడుకలో మాట ఏమున్నదా అని వెతికితే నాకు ఒక్కటే దొరికింది: బందెలదొడ్డి. అదైనా దయతో కట్టినది కాదు. బ్రిటిషువారు 1871లో చేసిన చట్టం ప్రకారం పైరు మేసిన పశువును పట్టి ఆ దొడ్డిలోకి తోలేవారు. ఆసామి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే వేలం వేసేవారు. అంటే అక్కడ పశువు ముద్దాయి!

పశువు ముద్దాయిగా గాక రోగిగానో, అతిథిగానో ఉండే చోటు ఒకటి ఉంటుంది. దానిని జంతు సంరక్షణశాల అంటున్నారు. అందులో జీతం లేకుండా పనిచేసేవారిని వాలంటీర్లు అంటారు. మొన్నటి వేసవి సెలవులలో హైదరాబాదులో మా అక్కయ్యగారి ఇంట మూడు వారాలు ఉండవలసి వచ్చినప్పుడు, రోజూ ఉదయం అటువంటి శాల ఒకదానికి వెళ్లి నా చేతనైన పని చేసి వచ్చాను. తిరిగి మద్నూర్ వచ్చి ఈ మాట చెప్పగానే మా అధ్యాపకుల గదిలో ఒకాయన, “ఏం సార్, పోరగాండ్లకు పాఠాలు చెప్పుడు సరిపోక కుక్కలకు గూడ చెప్పొస్తిరా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని అక్కడ పాఠం చెప్పింది నేను కాదు.

చీపురుతో మొదలు

శాల అనగానే మన కళ్ల ముందు కదిలే బొమ్మ ఒకటి ఉన్నది. ముద్దుగా ఉన్న కుక్కపిల్లను ఒడిలో కూర్చోబెట్టుకొని పాలు తాగించడం, ఫొటో దిగడం. వెళ్లిన మొదటి రోజున నా చేతికి కుక్కపిల్లను ఇవ్వలేదు, చీపురు ఇచ్చారు. రెండవ రోజున చీపురుతోపాటు బ్లీచింగు కలిపిన నీళ్ల బకెట్టు ఇచ్చారు. అక్కడి పనిలో మూడు వంతులు కడగడమే. గదులు కడగాలి, గిన్నెలు కడగాలి, పరుపు గుడ్డలు ఉతికి ఎండలో వేయాలి, మళ్లీ గదులు కడగాలి.

ఈ కడుగుడు చాదస్తం కాదు. కుక్కపిల్లలకు పార్వో అనే జబ్బు వస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకుంటే చూస్తుండగానే పిల్ల వాడిపోతుంది. ఆ క్రిమి నేలనూ, గిన్నెనూ, మన చెప్పులనూ పట్టుకొని నెలల తరబడి ఉండగలదు. అందుకని కొత్తగా వచ్చిన జంతువును వేరే గదిలో ఉంచి కొన్నాళ్లు కనిపెడతారు. తిండి పెట్టడంలోనూ వరుస ఉన్నది. మొదట ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు, తరువాత పెద్దవాటికి, చిట్టచివర జబ్బుగా ఉన్నవాటికి. ఎక్కువ జాలి కలిగేది జబ్బు జంతువు మీద గనుక మనసు మొదట అక్కడికే పోతుంది. కాని అక్కడ చేయి పెట్టి, అదే చేయి పసిపిల్లల గిన్నెలో పెడితే జాలితోపాటు జబ్బునూ పంచిపెట్టినట్లే.

పాలు పోయడం మహా పుణ్యమని మన నమ్మకం. ఎదిగిన కుక్కలలో చాలావాటికి ఆవుపాలు సరిగా అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మనం మిగిలిన కూరలు కలిపి పెట్టే అన్నంలో ఉల్లిపాయ ఉంటుంది. అది కుక్క నెత్తురుకే చేటు. మనం ఇష్టంగా తినే చాక్లెట్టు దానికి విషం. ప్రేమతో పెట్టినంత మాత్రాన పథ్యం అవుతుందా?

అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది అక్కడి చిట్టాపుస్తకం. ప్రతి కుక్కకూ ఒక అంకె, వచ్చిన తేదీ, గాయం, వేసిన సూది, తిన్నదీ లేనిదీ. వీటితోపాటు తప్పక రాసేది ఒకటి ఉన్నది. ఏ వీధిలో, ఏ ఇంటి ముందు, ఏ కొట్టు పక్కన పట్టారో ఆ చోటు. బాగైన తరువాత దానిని అక్కడే వదలాలి. దస్తూరి బాగున్నదని ఆ పుస్తకం నాకు అప్పగించారు. నలభై దాటిన తెలుగు లెక్చరరుకు అంతకంటె తగిన కొలువు ఏముంటుంది?

పొద్దున వచ్చేవారిలో బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒకతె, పింఛను తీసుకునే పెద్దాయన ఒకడు, ఇంజనీరింగు చదివే కుర్రాళ్లు ఇద్దరు ఉండేవారు. వారిని గమనిస్తే ఒక సంగతి తెలిసింది. స్వచ్ఛంద సేవ అంటాము. స్వచ్ఛందమంటే తన ఇష్టం. కాని ఆ ఇష్టం మొదటి రోజుకే సరిపోతుంది. రెండవ రోజు నుంచి అది వంతు. ఆ పెద్దాయన వంతు మంగళవారం, శుక్రవారం. ఆయన రాకపోతే ఆ వరసలోని పద్నాలుగు గదులూ ఆ పూట కడగకుండా ఉండిపోతాయి. ఆయనకు ఆ రోజు జాలి కలిగిందా లేదా అని కుక్క అడగదు; వచ్చాడా లేదా అన్నదే దానికి కావాలి.

మా అక్కయ్య మాత్రం రోజూ గుమ్మంలోనే నిలబడి, “ఆ బట్టలతో వంటింట్లోకి రాకురా నాయనా, స్నానం చేసి రా!” అనేది. శాలలో చెప్పిన నియమమూ అదే గనుక ఇద్దరి మాటా చెల్లింది.

అల్లరిలో పుట్టిన శాల

మన దేశంలో ఇటువంటి శాలలు ఎలా పుట్టాయో చూస్తే చిత్రంగా ఉంటుంది. బొంబాయిలో కుంపిణీ ప్రభుత్వం వేసవిలో వీధికుక్కలను చంపించేది; చంపినవారికి కుక్కకు ఇంత అని ముట్టజెప్పేది. డబ్బు ఆశ పుట్టాక వీధిలో కుక్కేది, ఇంటి కుక్కేది? 1832 జూన్‌లో పార్సీలు తిరగబడ్డారు. వారి మతంలో కుక్క పవిత్రమైనది. ఇతరులూ వారితో కలిశారు. అంగళ్లు మూసివేశారు, సిపాయిలను దింపవలసి వచ్చింది. ఆ గొడవ చల్లారిన తరువాత, 1834లో, జంషెడ్జీ జీజీభాయ్, మరికొందరు వర్తకులు పూనుకొని అక్కడ పింజ్రాపోల్ నెలకొల్పారు. చంపవద్దని అరిచినవారే, అయితే ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు జవాబు కూడా కట్టి చూపించారన్నమాట. ఆ తరువాత 1861లో కలకత్తాలో జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది.

అంతకు ముందు మనకేమీ లేదనుకోవద్దు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. మనుషులకు, పశువులకు రెండింటికీ వైద్యం ఏర్పాటు చేశామనీ, మూలికలు లేనిచోట తెప్పించి నాటించామనీ ఆ శాసనాలలో ఒకటి చెబుతున్నది. రెండువేల రెండువందల ఏళ్ల కిందటి మాట అది. రాజు దయను రాతి మీద చెక్కించడం ఒక ఎత్తు. రాజు పోయాక ఆ మూలికలకు నీళ్లు పోసేది ఎవరన్నది మరొక ఎత్తు.

మన కాలానికి వస్తే, 1959లో మద్రాసులో వానలకు వీధులు మునిగాయి. విమానాలు నడిపే కెప్టెన్ వి. సుందరం గారు త్యాగరాయనగర్‌లో నీళ్లలో కొట్టుకుపోతున్న రెండు కుక్కపిల్లలను ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన భార్య ఉషా సుందరం గారు కూడా విమానచోదకురాలే. వారి ఇంటిలో మొదలైన పనే బ్లూక్రాస్ సంస్థ అయినది.

అదే మద్రాసులో కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ గారిని 1952లో రాజ్యసభకు నియమించారు. ఆమె సభలో నాట్యం గురించి మాట్లాడతారని అందరూ అనుకొని ఉంటారు. ఆమె జంతుహింసను ఆపే బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని ప్రధాని నెహ్రూ మాట ఇవ్వగా తన బిల్లును ఉపసంహరించుకున్నారు. ఆ మాట ప్రకారం 1960లో చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడి, ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆ కళాక్షేత్రంలోనే భరతనాట్యం నేర్చుకున్న ఒక అమ్మాయి తరువాత సినిమా తార అయినది. “పుష్పక విమానం”, “శివ” చూసినవారికి ఆమె ఎవరో చెప్పనక్కరలేదు. అమల గారు అక్కినేని వారి కోడలై హైదరాబాదుకు వచ్చి, 1992లో ఇక్కడ బ్లూక్రాస్ నెలకొల్పారు. 1996లో విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ గారు జంతువుల రక్షణ సంఘం ప్రారంభించారు. కుక్కలతోపాటు సముద్రపు తాబేళ్లనూ ఆ సంఘం పట్టించుకున్నది.

2000లో పుట్టపర్తిలో క్లెమెంటీన్ పావ్స్ అనే డచ్చి వనిత స్థాపించిన కరుణ సొసైటీ కథ మరీ విచిత్రమైనది. అక్కడ ఆవుల పొట్టలు కోసి చూస్తే పదుల కిలోల ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి. మనం ముడివేసి పారేసిన కూరగాయ తొక్కల సంచులే! ఆవుకు ముడి విప్పడం రాదు గనుక సంచితో సహా మింగుతుంది. ఆ సంగతి పట్టుకొని ఆ సంస్థ, మరికొందరు కలిసి 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. శాలలో పనిచేసేవారు జంతువును మాత్రమే చూస్తూ ఊరుకోరనీ, దానికి ఆ గతి పట్టించిన వీధినీ చూడవలసి వస్తుందనీ దీని వలన తెలుస్తున్నది.

భయమూ నిజమే

ఇంతవరకు చదివి, “ఇదంతా కుక్కల పక్షం వాదన” అని ఎవరైనా అనుకుంటే అది న్యాయమే. మా మద్నూర్‌లో మిర్చిబజ్జీల బండి దగ్గర ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: “సారూ, గవిటికి బువ్వ పెట్టుడు కాదు, గవి మా పిల్లల కరవకుంట చూడు ముందుగాల.”

ఆయన మాటను తోసివేయడానికి వీలు లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు చుట్టుముట్టి చంపివేశాయి. పొట్ట చేతపట్టుకొని మా పాత నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన కుటుంబం వారిది. ఆదివారం కదా అని తండ్రి తాను కాపలా పనిచేసే చోటుకు పిల్లవాడిని వెంట తీసుకువెళ్లాడు. ఆ తండ్రి ముందు నిలబడి జంతుదయ గురించి ఉపన్యాసం ఇవ్వగలవాడు ఎవడున్నాడు?

కాబట్టి దయ అనే మాట ఎత్తేవాడు భయం అనే మాటకు జవాబు చెప్పి తీరాలి. కుక్కకాటులో అసలు శత్రువు రేబీస్. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బ్రతకరు. కాని లక్షణాలు కనిపించకముందే జాగ్రత్తపడితే దాదాపు ఎవరూ చావనక్కరలేదు. ఇంత భయంకరమైన జబ్బుకు ఇంత నమ్మకమైన నివారణ ఉండడం వైద్యంలోనే అరుదు. 1885లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల బాలుడికి మొదటి టీకా ఇచ్చినప్పటి నుంచి మనకు ఈ దారి తెలుసు.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని సామెత. సామెతగా బాగున్నది గాని, కుక్కకాటుకు మొదటి మందు సబ్బునీళ్లు. కరిచిన చోటును ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు అని వారు చెప్పిన తేదీలు ఒక్కటి కూడా తప్పకూడదు. గాయం లోతైనదైతే టీకాతోపాటు గాయంలోనే వేసే ఇంకొక మందు ఉంటుంది. దానిని అడిగి వేయించుకోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలం నాటిది. ఇప్పుడు చేతికే వేస్తారు. శాలలో పనిచేయదలచినవారు కరవకముందే టీకా వేయించుకోవడం మంచిది, నేనూ వేయించుకున్నాను.

చంపితే తగ్గుతాయా?

భయం నిజమైనప్పుడు, చంపి పారేస్తే పీడ పోదా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. మన నగరాలు చాలా ఏళ్లు చేసిన పని అదే. అయినా కుక్కలు తగ్గలేదు. కారణం చిక్కుముడి ఏమీ కాదు. వీధిలో చెత్తకుప్ప ఉన్నంత కాలం అక్కడ తిండి ఉంటుంది. ఉన్న కుక్కలను చంపితే ఆ తిండికి పక్క వీధి కుక్కలు వస్తాయి. అవి కొత్తవి, బెదురువి, టీకా లేనివి. ఆడకుక్క రెండు నెలలలో ఈనుతుంది. సంవత్సరానికి రెండుసార్లు ఈనగలదు. ఒక్కొక్క ఈతలో అయిదారు పిల్లలు. ఖాళీ నిండడానికి ఎంతకాలం పడుతుంది?

మద్రాసు బ్లూక్రాస్ వారు 1964లోనే దీనికి వేరే దారి పట్టారు. కుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటనే వదిలివేయడం. ముప్పై ఏళ్లు చెప్పగా చెప్పగా 1996లో ఆ నగరపాలక సంస్థ చంపడం మాని ఈ దారికి వచ్చింది. 2001లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఇవే నియమాలు చేసింది. 2023 మార్చిలో వాటిని తిరగరాసింది. చెవి కొన కొద్దిగా కత్తిరించి ఉన్న కుక్క మీ వీధిలో కనిపిస్తే, దానికి ఆపరేషన్, టీకా రెండూ అయ్యాయని గుర్తు.

కుక్కలలో నూటికి డెబ్బై వాటికి టీకా పడితే రేబీస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గోవాలో అలాగే ఇల్లిల్లూ వీధివీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు, బడిపిల్లలకు పాఠాలు చెప్పారు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబీస్ అదుపులోకి వచ్చిన ప్రాంతంగా ప్రకటించారు. అది మనుషులు చేసిన పనే.

2025లో ఈ తగవు సుప్రీంకోర్టులో మళ్లీ రగిలింది. ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ శాలలలో పెట్టి తిరిగి వదలవద్దని ఒక ధర్మాసనం ఆదేశించింది. పదకొండు రోజులకే మరొక ధర్మాసనం దానిని సవరించి, ఆపరేషన్, టీకా అయినవాటిని వాటి చోటనే వదలాలనీ, రేబీస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలరాదనీ, తిండి పెట్టడానికి ప్రత్యేకమైన చోట్లు చూపాలనీ చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలో తిరిగే కుక్కలను పట్టి శాలలకు తరలించాలనీ, మళ్లీ అక్కడే వదలరాదనీ ఆదేశించింది.

అంటే ఏమన్నమాట? బడి, ఆసుపత్రి, బస్సుస్టాండు లేని పట్టణం ఉన్నదా? ఇప్పుడు శాల అనేది పట్నపు వేడుక కాదు, చిన్న ఊళ్ల గుమ్మంలోకి వచ్చిన ప్రశ్న. గోడలు కట్టడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తే ఇవ్వవచ్చు. కాని కడిగేది ఎవరు, చిట్టా రాసేది ఎవరు, మంగళవారం వచ్చేది ఎవరు? చేతులు లేకపోతే సంరక్షణశాల మళ్లీ బందెలదొడ్డే అవుతుంది.

భారతం వాకిట్లో

తరగతిలో పిల్లలకు నేను గుర్తుచేసే సంగతి ఒకటి ఉన్నది. నన్నయగారి భారతం మొదట్లోనే దెబ్బలు తిన్న ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుండగా సరమ అనే దేవశునకం కొడుకు అక్కడ ఆడుకోవడానికి వస్తాడు. రాజు తమ్ముళ్లు ఏ తప్పూ లేకుండా వాడిని కొడతారు. వాడు ఏడుస్తూ తల్లికి చెప్పుకుంటాడు. సరమ సభకు వచ్చి రాజునే నిలదీస్తుంది. మంచిచెడులు చూడకుండా బలహీనులకు కీడు చేసేవారికి అనుకోని భయాలు వచ్చి పడతాయని చెప్పి వెళ్లిపోతుంది. అదే భారతం చివర తిక్కనగారి మహాప్రస్థానంలో, వెంట నడిచివచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు నిలబడిపోతాడు.

పద్దెనిమిది పర్వాలకు రెండు చివరలా కుక్కే ఉన్నది. మనకు చివరిది బాగా జ్ఞాపకం. అది మన గొప్ప మనసు కథ గనుక. మొదటిది జ్ఞాపకం ఉండదు. అందులో తప్పు మనది గనుక. “అనుకోని భయం” అన్న మాటను పిల్లలు ఇప్పటి సంగతులతో పోల్చుకుంటారు. చెత్త మనం పోస్తాము. పుట్టినవాటిని మనం పట్టించుకోము. ఎప్పుడో ఒకరోజు గుంపుగా మీదికి వస్తే ఆశ్చర్యపోతాము.

మూడు భాషల ఊరిలో

మా మద్నూర్ తెలంగాణకు వాకిలి వంటిది. అవతల మహారాష్ట్ర, ఒక పక్క కర్ణాటక. సంతకు పోతే తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపిస్తాయి. నాందేడు వైపు వెళ్లే జాతీయ రహదారి, రాత్రింబగళ్లు లారీలు. కుక్కలూ దూడలూ లారీల కింద పడడం ఇక్కడివారికి కొత్త కాదు.

పొలాల అమావాస్య నాడు మా వైపు ఎడ్లను చూడాలి! కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గంటలు కట్టి, ఊరేగించి, నైవేద్యం పెట్టి మొక్కుతారు. ఏడాదంతా చాకిరీ చేసిన దానికి ఆ రోజున రైతు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పుకుంటాడు. పని చేసిన జంతువుకు ఇంత మర్యాద చేయగల ఊరు, పని లేని జంతువును మాత్రం ఎందుకు మరచిపోవాలి?

ఈ సందర్భంలో మళ్లీ ఒక మాట ముచ్చట. చదువుకున్నవాళ్లం “వీధికుక్క” అంటున్నాము. మన పెద్దలు “ఊరకుక్క” అన్నారు. ఊరపిచ్చుక ఎట్లాగో ఊరకుక్క అట్లాగే. ఊరిది అని అర్థం. వీధి ఎవరిదీ కాదు, ఊరు అందరిదీ. 2023 నియమాలలో ప్రభుత్వం కూడా ఇవి దిక్కులేనివి కావనీ, ఆ చోటి సమాజానికి చెందినవనీ పేరు మార్చి రాసింది. ఢిల్లీవారు ఎంతో ఆలోచించి కనిపెట్టిన ఆ మాట మన నాలుక మీద ఎప్పటినుంచో ఉన్నది.

ఊరిది అంటే ఊరికి వంతు ఉన్నదని కూడా అర్థం. వంతు సంగతి మా బాన్సువాడ వైపు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. నిజాంసాగర్ కాలువ కింద నీళ్లు వంతు ప్రకారం వస్తాయి. వంతు తప్పిస్తే పక్కవాడి మడి ఎండుతుంది. ఎంత మంచివాడివని కాలువ అడగదు. నీ వంతుకు గట్టు మీద ఉన్నావా లేదా?

శాల కట్టేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. శాలలో నేర్చుకున్న పనులలో చాలావాటిని ఊరిలోనే చేయవచ్చు. ఒకటి, లెక్క. ఏ వాడలో ఎన్ని కుక్కలున్నాయి, ఎన్ని ఆడవి, వేటికి చెవి కొన కత్తిరించి ఉన్నది, ఏది కరుస్తుంది - ఈ లెక్క చేతిలో ఉంటే పంచాయతీవారిని అడగడానికీ, పశువైద్యుణ్ణి పిలవడానికీ నోరు వస్తుంది. రెండు, తిండి. పెట్టేవారు బడి ముందు, ఆసుపత్రి ముందు, నడిబజారులో పెట్టకూడదు. ఒకే చోట, ఒకే వేళకు పెట్టి, మిగిలినది ఊడ్చివేయాలి. అలా పెడితేనే కుక్క మచ్చికవుతుంది, టీకా వేళకు చేతికి చిక్కుతుంది. మూడు, చెత్త. తొక్కలను సంచిలో ముడివేయకుండా విడిగా వేస్తే ఆవు కడుపు బ్రతుకుతుంది. నాలుగు, పిల్లలకు చెప్పడం. కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు, రాయి విసరవద్దు, కళ్లలోకి చూడవద్దు, తింటున్నదాని దగ్గరకూ పిల్లలతల్లి దగ్గరకూ పోవద్దు, కరిస్తే కొడతారని దాచవద్దు. అయిదు, గాయపడిన పశువుకు కబురు. 2017లో మన రాష్ట్రంలో 1962 అనే టెలిఫోను నంబరుతో సంచార పశువైద్యశాలలు మొదలయ్యాయి. ఆ నంబరు ప్రతి ఇంటా గోడ మీద రాసి ఉండదగినది.

పట్నంలో ఉన్న చదువరులకు ఇంకొక మనవి. మీ దగ్గరలోని శాలకు వెళ్లదలిస్తే, మొదట వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో చూసుకొని అంతే చెప్పండి. గంటే అయినా ఫరవాలేదు, తప్పకపోవడమే ముఖ్యం. పాత దుప్పట్లు, తువ్వాళ్లు, పాత కాగితాలు వారికి ఎప్పుడూ కావాలి. దినపత్రికలు ఇవ్వండి, వారపత్రికలు అడిగితే ఇంటిలో ఆడవారు ఒప్పుకోరు, సీరియలు మధ్యలో తెగిపోతుంది! కుక్కను పెంచుకోదలచినవారు వేలు పోసి చలిదేశపు జాతిని కొని, దానికి మన ఎండ పడక, ఆరు నెలలకు శాల గేటుకు కట్టేసి పోయే కంటే, అక్కడ ఉన్న నాటుకుక్కను ఒకదానిని తెచ్చుకుంటే మేలు. ఈ ఎండా, ఈ అన్నమూ దానికి పుట్టుకతోనే తెలుసు.

ఈ ఏడు మా కళాశాలలో పదకొండుమంది పిల్లలు ముందుకు వచ్చారు. కళాశాల చుట్టూ ఉన్న నాలుగు వీధులను పంచుకొని లెక్క రాశారు: ముప్పై ఏడు కుక్కలు, అందులో పందొమ్మిది ఆడవి, చెవి కొన కత్తిరించినది ఒక్కటీ లేదు. ఆ కాగితం పట్టుకొని పశువుల దవాఖానకు పోతే డాక్టరుగారు చదివి, “ఇట్లా రాసి తెచ్చినోళ్లు ఇంతవరకు లేరు” అన్నారు. టీకాలు వేయడానికి రోజు నిర్ణయిస్తామన్నారు. బజ్జీల బండి దగ్గరి పెద్దాయన మనుమడు కూడా ఆ పదకొండుమందిలో ఉన్నాడు. ప్రస్తుతానికి వెనకగోడ దగ్గర ఒక సిమెంటు తొట్టి పెట్టించాము. రోజూ కడిగి నీళ్లు నింపాలి. నోటీసు బోర్డు మీద వారానికి పేర్లు రాసిన కాగితం అంటించి ఉన్నది. ఆదివారం వంతు నాది.